నిప్పు చీమల పుట్ట జోలికి వెళ్లే ముందు

వానలు పడ్డాక ఈ పుట్టలు పైకి లేస్తాయి. మందు చల్లే ముందు ఇవి చూసుకోండి.

- గతంలో చీమ కుట్టి ముఖం వాచినవారు, ఊపిరాడక ఇబ్బంది పడినవారు దయచేసి దూరంగా ఉండండి. మళ్లీ కుడితే ప్రాణం మీదికి రావచ్చు.

- పెట్రోలు, కిరోసిన్ పోయవద్దు. మంట అంటుకునే ప్రమాదం ఉంది, నేలా పాడవుతుంది.

- అవి నిప్పు చీమలేనా? వదులు మట్టి గుట్ట, నడినెత్తిన రంధ్రం ఉండదు. పొడవాటి పుల్లతో తాకితే చిన్నా పెద్దా చీమలు క్షణాల్లో పుల్ల మీదికి ఎగబాకుతాయి. కుట్టిన చోట మర్నాటికి చీము పట్టినట్టు తెల్లని పొక్కు లేస్తుంది, చిదమకండి, పుండవుతుంది.

- ఎర మందు వేసే రోజు పుట్టను కదపకండి. కూలి చీమలు ఎరను మోసుకెళ్లి రాణికి చేర్చాలి. బెదిరితే రాణితో సహా వేరే చోటికి మకాం మారుస్తాయి.

- నేల పొడిగా ఉండాలి. తడిసిన ఎరను అవి ముట్టవు.