ఆర్‌ఎఫ్‌సీ చదవడం ఎలా? ముందు 16 పేజీలది తెరవండి

జేసన్ (డేటాను రాసే పద్ధతి), హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వరు మాట్లాడుకునే పద్ధతి), టీసీపీ (నెట్‌లో డేటాను చేరవేసే పద్ధతి) రోజూ వాడతాం. వాటి నియమాలు అసలు రాసున్న చోటు మాత్రం తెరవం. అవి ఆర్‌ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) అనే పత్రాలు. 1969 నుంచి వస్తున్నాయి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

మొదటిసారే టీసీపీ జోలికి పోకండి. జేసన్‌ది, అంటే ఆర్‌ఎఫ్‌సీ 8259 తీసుకోండి. 16 పేజీలే.

ముందు పత్రం వెబ్‌పేజీ పైభాగం చూడాలి. అక్కడ ‘అబ్సొలీటెడ్ బై’ అని ఉంటే ఆ పత్రం చెల్లిపోయినట్టే, పక్కనున్న నంబరుకి వెళ్లండి. ఒకసారి వెలువడిన ఆర్‌ఎఫ్‌సీని మళ్లీ దిద్దరు, కొత్త నంబరుతో ఇంకోటి తెస్తారు. సెర్చ్‌లో పాతది తగిలితే దాన్నే నమ్మేయడం ఇందువల్లే జరుగుతుంది. హెచ్‌టీటీపీకి 1999 నాటి 2616 కాదు, 2022 నాటి 9110 చూడాలి. టీసీపీకి 1981 నాటి 793 బదులు 9293. తప్పొప్పుల పట్టిక ‘ఎర్రాటా’ లింకులో విడిగా ఉంటుంది. తేదీ కూడా గమనించండి: 1990 ఏప్రిల్ 1న వచ్చిన 1149, పావురాలతో ప్యాకెట్లు పంపడం గురించి!

ఇక అసలు సంగతి: పెద్దక్షరాల్లో కనిపించే మస్ట్, షుడ్, మే. ‘మస్ట్’ అంటే తప్పనిసరి. ‘షుడ్’ అంటే గట్టి కారణముంటే తప్ప పాటించమని. ‘మే’ అంటే మీ ఇష్టం. చదువుతూ ప్రతి ‘షుడ్’ దగ్గరా ఆగి, ‘పాటించకపోతే ఏమవుతుంది?’ అని అడగండి. బగ్గులు కాపురముండేది అక్కడే.

8259లో 4వ సెక్షన్ చూడండి. ఒక ఆబ్జెక్టులో (పేరు-విలువ జతల గుంపులో) పేర్లు రెండోసారి రాకూడదన్నది ‘షుడ్’ మాత్రమే. వస్తే? పైథాన్ జేసన్ మాడ్యూల్, జావాస్క్రిప్ట్ చివరిదాన్ని ఉంచుకుంటాయి. ఇంకో పార్సర్ (జేసన్‌ని చదివే ప్రోగ్రాం) ఎర్రర్ ఇవ్వొచ్చు. తనిఖీ చేసే సర్వీసు మొదటి విలువను, పని చేసే సర్వీసు చివరి విలువను తీసుకుంటే అది భద్రతా లోపమే.

అంకెల గురించిన 6వ సెక్షన్‌కి బ్రౌజర్ కన్సోల్ పక్కన పెట్టుకోండి. 9007199254740993ని జేసన్ పార్స్ ఫంక్షన్‌కి ఇస్తే చివరి అంకె 2గా మారి వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకెలు 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో ఉంటాయి కాబట్టి 2 ఘాతం 53 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ పట్టుకోలేవు. పైథాన్‌లో అదే అంకె చెక్కుచెదరదు. పెద్ద ఐడీలను స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) పంపమనేది ఇందుకే.

వ్యాకరణ సూత్రాలు మొదటి చదువులో పైపైన చూస్తే చాలు. చివర్లోని ‘సెక్యూరిటీ కన్సిడరేషన్స్’ మాత్రం వదలొద్దు.

తర్వాత 9110. అది పెద్దది, నవలలా చదివితే నిద్రొస్తుంది. అవసరమైన సెక్షన్ ఒక్కటే తీయండి: స్టేటస్ కోడ్‌లకు 15, రీట్రై (విఫలమైన రిక్వెస్టును మళ్లీ పంపే కోడ్) రాసేముందు 9.2.2. పుట్, డిలీట్ రిక్వెస్టులు రెండుసార్లు వెళ్లినా ఉద్దేశించిన ఫలితం ఒకటేనని, పోస్ట్‌కి ఆ హామీ లేదని అక్కడే తెలుస్తుంది. టైమవుట్ అయిన పోస్ట్‌ని గుడ్డిగా మళ్లీ పంపితే ఆర్డరు రెండుసార్లు పడే అవకాశం ఉంది.