ప్లాస్మాలో వేగకణాలు – 4వ పాఠం: ఆల్ఫా తన శక్తిని ఎవరికిస్తుంది?

కిందటి పాఠంలో 5 టెస్లా క్షేత్రంలో 3,500 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తికి కొలత, ఇకపై కెఈవీ) ఆల్ఫా కణం, అంటే సంలీనంలో పుట్టే హీలియం కేంద్రకం, గీసే వలయం వ్యాసార్థం కట్టాం: సుమారు 5.4 సెంటీమీటర్లు. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగానే పనిచేస్తుంది కాబట్టి కణం దిశ మారుతుందే గానీ శక్తి పిసరంత కూడా తగ్గదు. ఆల్ఫాను నెమ్మదింపజేసేవి ఢీకొనడాలే. అవి తమ పని పూర్తిచేసేదాకా కణాన్ని గోడకు తగలనివ్వకుండా తిప్పడమే క్షేత్రం పని.

ఇప్పుడు మూడు వేగాలు వరసగా రాసుకోండి. 10 కెఈవీ ఉష్ణోగ్రత దగ్గర డ్యుటీరియం–ట్రిషియం (సంలీన ఇంధనాలైన రెండు రకాల హైడ్రోజన్) ప్లాస్మాలో, అంటే అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువులో, అయాన్లు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల లోపు, ఆల్ఫా 13,000, ఎలక్ట్రాన్లు దాదాపు 60,000. ఈ వరస పట్టుబడితే పాఠం సగం అయిపోయినట్టే.

ఎలక్ట్రాన్ల లెక్కలో ఆల్ఫా నత్తనడక నడుస్తోంది. అవి దానికి అన్ని వైపుల నుంచీ తగులుతాయి, ఎదురుగా వచ్చేవి మాత్రం కాస్త ఎక్కువ. ఆల్ఫా వేగం పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అంటే ఎలక్ట్రాన్ల రాపిడి వేగానికి అనులోమం. అయాన్ల సంగతి వేరు. అవి దాదాపు కదలవు, ఆల్ఫాయే పక్కనుంచి దూసుకుపోతుంది. ఎంత జోరుగా పోతే అంత తక్కువసేపు నెట్టుకుంటాయి. అందుకే ఆ రాపిడి వేగవర్గానికి విలోమం.

ఒకటి పెరుగుతూ ఇంకొకటి తగ్గుతుంటే ఎక్కడో ఒకచోట సమానం కావాలి కదా. అక్కడ కణానికి ఉండే శక్తిని సందిగ్ధ శక్తి అంటారు; దానికి పైన ఎలక్ట్రాన్ల రాపిడి ఎక్కువ, కింద అయాన్లది. రెండు ఇంధనాలూ సగంసగం ఉంటే ఆల్ఫాకు దాని విలువ ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతకు సుమారు 33 రెట్లు. 10 కెఈవీ దగ్గర 330 కెఈవీ. ఆల్ఫా పుట్టేదేమో 3,500తో! అందుకే ముందు ఎలక్ట్రాన్లే వేడెక్కుతాయి.

అలాగని 330కి దిగేదాకా అయాన్లకు సున్నా అని వేయకండి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. పైనున్నప్పుడూ వాటికి కొంత అందుతూనే ఉంటుంది. మొత్తం మీద వాటి వాటా దాదాపు ఆరో వంతు. సంలీనం చెందాల్సినవి అయాన్లు, వేడిలో సింహభాగం ఎలక్ట్రాన్లకు! అయాన్లు మిగతాది ఎలక్ట్రాన్ల దగ్గర్నుంచి అందుకోవాల్సిందే.

ఘనమీటరుకు 10²⁰ ఎలక్ట్రాన్లుంటే ఇదంతా జరగడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలోనే ఆల్ఫా వేల కిలోమీటర్లు తిరుగుతుంది, కొన్ని మీటర్ల పాత్రలో.

అభ్యాసం: ఫ్రాన్స్‌లో కడుతున్న సంలీన ప్రయోగ యంత్రం ఐటర్ కోసం 1,000 కెఈవీ డ్యుటీరియం కిరణపుంజాన్ని రూపొందించారు. డ్యుటీరియం ప్లాస్మా, 10 కెఈవీ ఎలక్ట్రాన్లు అనుకుని, 33 బదులు 19 వేసి సందిగ్ధ శక్తి కట్టండి. పుంజం మొదట ఎవరిని వేడి చేస్తుంది? 100 కెఈవీ పుంజమైతే? జవాబులు 5వ పాఠంలో.