రిమోట్ వర్క్ సెంటర్లో సీట్లు ఖాళీ: లోపం ఎక్కడుంది, సరిచేయడం ఎలా

ఆఫీసుకు వెళ్లకుండా దూరం నుంచి పనిచేసేవాళ్లు వచ్చి కూర్చునేందుకు ప్రజల డబ్బుతో రిమోట్ వర్క్ సెంటర్ తెరిచారు. ఏడాది తిరిగేసరికి సగానికి పైగా సీట్లు ఖాళీ. అలాంటప్పుడు ఎక్కువగా జరిగేవి రెండు: ప్రచారానికి ఇంకొంత డబ్బు మంజూరు చేయడం, లేదంటే తాళం వేయడం. కారణం తెలుసుకోకుండా ఏది చేసినా డబ్బు మళ్లీ వృథా అవుతుంది. అన్ని ఖాళీ సీట్లకూ కారణం ఒకటే కాదు. మనిషి బుక్ చేసి రాకపోవడం ఒక రకం, వచ్చి మానేయడం ఇంకో రకం, అసలు రాకపోవడం మరో రకం. ఒక్కోదానికి మందు వేరు.

ముందుగా: ఖాళీ ఎంతో తేల్చండి

నివేదికలో "వినియోగం 60 శాతం" అని ఉంటే, దేనిలో 60 అని అడగండి. అమ్ముడైన సభ్యత్వాలా, బుక్ అయిన సీట్లా, మనిషి నిజంగా కూర్చున్న గంటలా? లెక్కకు పనికొచ్చేది చివరిదొక్కటే. దాన్ని సీటు-గంటల్లో కొలవాలి: ఒక సీటులో ఒక మనిషి ఒక గంట కూర్చుంటే ఒక సీటు-గంట.

40 సీట్లు, రోజుకు 9 గంటలు, నెలకు 22 పనిదినాలు అనుకోండి. మొత్తం 7,920 సీటు-గంటలు. అందులో వాడినవి 990 అయితే వినియోగం 12.5 శాతం. ఇప్పుడు నెల ఖర్చును వాడిన గంటలతో భాగించండి. ఖర్చు 3,96,000 అయితే, సెంటర్ పూర్తిగా నిండినప్పుడు సీటు-గంటకు 50 పడేది కాస్తా 400 అవుతుంది. అధికారుల ముందు, ప్రజల ముందు పెట్టాల్సిన అంకె ఈ 400. శాతం దగ్గరే ఆగిపోతే నష్టం ఎంతో కనిపించదు.

తలలు లెక్కపెట్టడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. రెండు వారాలపాటు రోజుకు నాలుగుసార్లు, ఉదయం 10కి, మధ్యాహ్నం 12కి, 3కి, సాయంత్రం 5కి ఎన్ని సీట్లలో మనుషులున్నారో రాయండి. వైఫైకి కనెక్టయిన పరికరాల సంఖ్యను మనుషుల సంఖ్యగా తీసుకోకండి. ఒకే మనిషి దగ్గర ఫోను, ల్యాప్‌టాప్ రెండూ ఉంటాయి, పైగా ఇప్పటి ఫోన్లు తమ మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) మార్చుకుంటాయి. తలుపు దగ్గరి సెన్సర్ కూడా బయటికెళ్లి వచ్చిన వ్యక్తిని రెండుసార్లు లెక్కిస్తుంది.

సగటుతో పాటు గరిష్ఠం కూడా రాసుకోండి. సగటు 25 శాతమే ఉన్నా, వారం మధ్యలో ఉదయం 11కి 80 శాతం నిండే సెంటర్‌లో సగం సీట్లు తీసేస్తే ఉన్నవాళ్లూ పోతారు.

ఈ కొలత సమస్య చిన్న సెంటర్లకే పరిమితం కాదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2023లో 24 ఫెడరల్ సంస్థల ప్రధాన కార్యాలయాలను పరిశీలించింది. 17 సంస్థల్లో సగటు వినియోగం 25 శాతమో, అంతకంటే తక్కువో ఉందని అంచనా వేసింది. వినియోగాన్ని కొలవడానికి కొత్త ప్రమాణాలు కావాలని కూడా అదే ఏడాది చెప్పింది.

లక్షణం: బుకింగ్ పేజీలో నిండుగా ఉంది, హాల్లో ఎవరూ లేరు

కారణం: బుకింగ్ ఉచితం, రద్దు చేయకపోయినా నష్టం లేదు. అవసరం ఉంటుందో లేదో అని వారం మొత్తానికీ సీటు పట్టి ఉంచుతారు. నిజంగా కావాల్సినవాళ్లు "ఖాళీ లేదు" అని చూసి వెనుదిరుగుతారు.

పరిష్కారం: సీటు దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి, బుక్ చేసిన సమయం నుంచి 15–20 నిమిషాల్లో చెక్-ఇన్ చేయకపోతే సీటు దానంతటదే విడుదలయ్యేలా సెట్ చేయండి. నెలలో మూడుసార్లు బుక్ చేసి రాకపోతే ముందస్తు బుకింగ్ ఆగాలి, నేరుగా వచ్చి కూర్చునే వీలు మాత్రం ఉండాలి. జరిమానా కంటే ఇది బాగా పనిచేస్తుంది, వసూలు చేసే బాధ కూడా ఉండదు. 20 శాతం సీట్లు ఎప్పుడూ బుకింగ్ లేనివారి కోసం వదిలేయండి.

లక్షణం: కొత్తవాళ్లు వస్తారు, మూడోసారి రారు

ఇది కనిపిస్తే ప్రచారం వెంటనే ఆపండి. ఎంతమందిని తెచ్చినా వాళ్లూ ఇలాగే పోతారు. దాదాపు ఎప్పుడూ లోపం వీడియో కాల్ దగ్గర ఉంటుంది. ఇంట్లో కంటే ఇక్కడ కాల్ మెరుగ్గా సాగకపోతే బయల్దేరి రావడానికి కారణమే లేదు.

మొదట అప్‌లోడ్, అంటే మన వైపు నుంచి డేటా బయటికి వెళ్లే వేగం చూడండి. టెండర్లో "300 ఎంబీపీఎస్" (సెకనుకు మెగాబిట్లు) అని రాస్తారు, అది డౌన్‌లోడ్. అప్‌లోడ్ 30 మాత్రమే ఉండొచ్చు. స్పష్టమైన ఒక వీడియో కాల్‌కు 1.5 నుంచి 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. 40 సీట్లలో ఒకేసారి 15 మంది కాల్‌లో ఉంటే 45 వరకు. అంటే ఉదయం 11 గంటలకు లైన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, సాయంత్రం తనిఖీకి వచ్చిన ఇంజనీరుకు అంతా బాగానే కనిపిస్తుంది. కాబట్టి పరీక్ష రద్దీ వేళలోనే చేయాలి. ఒక ల్యాప్‌టాప్‌లో పింగ్ (సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) నడుపుతూ, మరోదాంట్లో పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి. 20 మిల్లీసెకన్లున్న పింగ్ 300కి ఎగబాకితే రౌటర్లో డేటా క్యూ కడుతోందన్నమాట. రౌటర్లో స్మార్ట్ క్యూ (డేటా వరుసను అదుపు చేసే సెట్టింగు) ఆన్ చేసి, పరిమితిని కొలిచిన అప్‌లోడ్ వేగంలో 90 శాతానికి పెట్టండి. దీనికి చాలాసార్లు ఖర్చే ఉండదు. అప్పటికీ చాలకపోతే అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఉండే ఫైబర్ లైన్ తీసుకోండి.

తర్వాత వైఫై. 40 మంది హాలుకు కనీసం రెండు యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు), రెండూ కేబుల్‌తో స్విచ్‌కు కలిసి ఉండాలి. సిగ్నల్‌ను పట్టి మళ్లీ వదిలే రిపీటర్ పెడితే వేగం సగానికి పడిపోవచ్చు. ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మీదికి మళ్లించండి. ప్రతి నాలుగు సీట్లకు ఒక ఈథర్నెట్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టుకునే చోటు) ఉన్నా ముఖ్యమైన కాల్ ఉన్నవాళ్లు దాన్ని వెతుక్కుని వాడుకుంటారు.

కరెంటు పోయినప్పుడు లైట్లు వెలిగి నెట్ ఆగిపోతే, యూపీఎస్ కనెక్షన్ తప్పుగా ఇచ్చారని అర్థం. ల్యాప్‌టాప్‌లకు సొంత బ్యాటరీలుంటాయి. నిలబెట్టాల్సింది ఫైబర్ బాక్సు, రౌటర్, స్విచ్, యాక్సెస్ పాయింట్లు. వీటన్నిటికీ కలిపి 100–150 వాట్లు చాలు. రెండు గంటలు నడవాలంటే నష్టాలు, బ్యాటరీ పాతబడటం కలుపుకుని 500 వాట్-అవర్ల బ్యాటరీ పెట్టుకోవచ్చు. లెడ్-యాసిడ్ బ్యాటరీ 3–5 ఏళ్లకు మార్చాలి. ఆ డబ్బు మొదటి బడ్జెట్లో చాలామంది పెట్టరు.

చివరిది శబ్దం, బహుశా అన్నిటికంటే పెద్దది. 40 సీట్లకు ఐదారు ఫోన్ బూత్‌లు కావాలి. ఉన్న హాలును మార్చుతుంటే ఒక మీటింగ్ గదిని మూడు చిన్న గదులుగా చీల్చడం చవక. గోడకు ఫోమ్ అతికిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, శబ్దం పక్క గదికి వెళ్లడం మాత్రం ఆగదు. దాన్ని ఆపేవి బరువైన గోడ, తలుపు చుట్టూ రబ్బరు సీలు, కింది సందు మూయడం. సీలు వేసిన బూత్‌లో ఫ్యాను లేకపోతే పది నిమిషాలకే ఊపిరాడనట్టు ఉండి దాన్నీ వాడరు.

లక్షణం: మొదటి నెల నుంచే ఎవరూ రాలేదు

కారణం ఎక్కువగా సర్వేలో ఉంటుంది. "సెంటర్ పెడితే వాడతారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. అడగాల్సిన ప్రశ్నలు వేరు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇంటి నుంచి పనిచేశారు? ఇంట్లో ఏది కుదరలేదు? ఎంత దూరం వస్తారు? ఈ నెలకు ఇప్పుడే డబ్బు కడతారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అసలు గిరాకీ.

రెండో కారణం యజమాని సంస్థ. ఉద్యోగికి ఇష్టమున్నా, ఉమ్మడి నెట్‌వర్క్‌లో, పక్కవాళ్లకు తెర కనిపించే చోట పనిచేయకూడదని సంస్థ నియమం ఉండొచ్చు. వ్యక్తులను ఒక్కొక్కరిగా పిలిచే బదులు ఆ సంస్థల ఐటీ విభాగంతో మాట్లాడండి. వాళ్లు సాధారణంగా అడిగేవి: విడి వీల్యాన్ (అదే నెట్‌వర్క్‌లో వేరుచేసిన భాగం), తాళం వేసుకునే అల్మారా, వీపీఎన్‌ను (సంస్థ నెట్‌వర్క్‌కు రక్షిత దారి) అడ్డుకోని ఫైర్‌వాల్, తెర గోడవైపు ఉండే సీట్లు. ఇవన్నీ అమర్చి, ఒకే సంస్థకు ఐదారు సీట్లు నెలవారీగా ఇస్తే వినియోగం నిలకడగా ఉంటుంది.

వేళలు కూడా చూడండి. వేరే టైమ్ జోన్‌తో పనిచేసేవాళ్లకు సాయంత్రం 6కి మూసే సెంటర్ పనికిరాదు. రాత్రివేళ తెరిస్తే బయట వెలుతురు, భద్రత, తిరుగు రవాణా ఉండాల్సిందే. అవి లేకుండా వేళలు పెంచితే కరెంటు బిల్లు మాత్రమే పెరుగుతుంది.

లక్షణం: వినియోగం తగ్గినా ఖర్చు తగ్గట్లేదు

కారణం ఒప్పందాల్లో ఉంది. ఎవరూ సరిగా చదవనివి కూడా ఇవే. అద్దె పదేళ్లకు, మధ్యలో తప్పుకునే షరతు లేదు. శుభ్రత బిల్లు విస్తీర్ణం మీద. నిర్వాహకుడికి చెల్లింపు "సిద్ధంగా ఉంచిన సీట్ల" మీద. ఇలాంటి నిర్వాహకుడికి సెంటర్ నింపాల్సిన అవసరమే లేదు. తప్పు అతనిది కాదు, ఒప్పందం రాసినవాళ్లది.

పరిష్కారం: తర్వాతి పొడిగింపులో చెల్లింపును రెండుగా విడగొట్టండి. ఒక భాగం స్థిరంగా, ఇంకో భాగం వాడిన సీటు-గంటల మీద. 60:40తో మొదలుపెట్టడం సబబు. మొత్తాన్నీ వినియోగానికి ముడిపెడితే మంచి నిర్వాహకులు టెండర్‌కే రారు. లెక్క నిర్వాహకుడు ఇచ్చిందే కాకుండా, ముందు చెప్పిన తలల లెక్కను బయటివాళ్లతో ఏడాదికి రెండుసార్లు చేయించాలి. అద్దెలో మూడో ఏడు, ఐదో ఏడు తప్పుకునే షరతు పెట్టించండి.

ఒక అంతస్తు మూసేద్దామనుకుంటే ముందు ఏసీ, లైట్లు అంతస్తులవారీగా విడిగా ఆగుతాయో లేదో చూడండి. అన్నిటికీ ఒకే యూనిట్ అయితే ఆదా అయ్యేది శుభ్రత ఖర్చు మాత్రమే.

లక్షణం: దగ్గర్లోనే ఇంకో సెంటర్ ఉంది, రెండూ సగం ఖాళీ

రెండు శాఖలు వేర్వేరు గ్రాంట్లతో కట్టినప్పుడు ఇలా జరుగుతుంది. ముందు రెండింటి సీట్లూ ఒకే బుకింగ్‌లో చూపించండి. ఐర్లాండ్ 2021లో మొదలుపెట్టిన కనెక్టెడ్ హబ్స్ నెట్‌వర్క్ చేసింది ఇదే: వేర్వేరు నిర్వాహకుల హబ్‌లను ఒకే వేదిక మీద కనిపించేలా, బుక్ చేసుకునేలా పెట్టింది. ఆరు నెలలు చూసి, ఎక్కువ వాడకం ఉన్నదాన్ని ఉంచండి.

అన్నీ సరిచేసినా నిండకపోతే

ఆరు నెలలు ఆగి మళ్లీ కొలవండి. అప్పటికీ మార్పు లేకపోతే మూసివేత లెక్క వేయాలి. ఇప్పటిదాకా కట్టడానికి అయిన ఖర్చును అందులో కలపకండి, అది ఎలాగూ తిరిగిరాదు. మూసేస్తే నిజంగా ఆగే ఖర్చులు ఒకవైపు రాయండి: జీతాలు, కరెంటు, నెట్, శుభ్రత. మూసినా కట్టాల్సినవి ఇంకోవైపు: మిగిలిన అద్దె, గ్రాంటు షరతు ప్రకారం తిరిగి చెల్లించాల్సిన సొమ్ము. రెండోవైపు బరువెక్కువైతే మూసే బదులు హాలును గ్రంథాలయానికో, శిక్షణ తరగతులకో ఇచ్చి పది సీట్లు మాత్రం ఉంచడం నయం. మూయడం సిగ్గుపడాల్సిన పని కాదు. వాషింగ్టన్ పరిసరాల్లో 1990లలో ఏర్పడిన టెలివర్క్ సెంటర్లకు అమెరికా ప్రభుత్వ భవనాలు చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ కూడా 2011లో నిధులు ఆపేసింది.

మూసేటప్పుడు వాడుకరులకు 90 రోజుల ముందు చెప్పండి, సమీప సెంటర్లో సీటు ఇప్పించండి. స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్లు, కుర్చీలు ఇంకో ప్రభుత్వ కార్యాలయానికి జాబితాతో సహా అప్పగించండి. బుకింగ్ సర్వర్‌లోని వ్యక్తుల వివరాలు, ప్రింటర్ హార్డ్ డిస్క్ చెరిపేయండి. ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ సభ్యత్వాల ఆటో-రెన్యువల్ ఒక్కొక్కటిగా రద్దు చేసి లిఖితపూర్వక రసీదు తీసుకోండి. తలుపులు మూశాక కూడా నెలనెలా డబ్బు కారిపోయేది ఇక్కడి నుంచే.