బేగోమాకు తాడు చుట్టడం ఎలా?

బేగోమా అంటే జపాన్ పిల్లల ఇనుప బొంగరం. అడ్డంగా మూడు సెంటీమీటర్లు ఉంటుంది, గుప్పిట్లో దాక్కుంటుంది. పైన చదును, అడుగున మొద్దుగా ఉండే చిన్న కొన. అంతే. మన బొంగరానికున్నట్టు ములికి ఉండదు, పట్టుకోవడానికి పైన కాడ ఉండదు. అందుకే మొదటిసారి చూసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికి తాడెలా నిలుస్తుంది?"

టోక్యోలో మేముండే పేటలో జిదోకాన్ ఉంది, అంటే బడి అయ్యాక పిల్లలు వచ్చి ఆడుకునే కేంద్రం. తొమ్మిదేళ్లుగా శనివారాలు అక్కడ కూర్చుని బేగోమా నేర్పిస్తున్నాను. నాకు నేర్పింది అక్కడికే వచ్చే ఒక తాతగారు. పిల్లల్ని తీసుకొచ్చే మన తెలుగు నాన్నలు చాలామంది చిన్నప్పుడు బొంగరం బాగా తిప్పినవాళ్లే. ఆ ధీమాతో చకచకా నాలుగు చుట్లు చుట్టేసి విసురుతారు. బేగోమా రాయిలా టప్పున పడుతుంది. "ఇది మంచిది కాదండీ, వేరేది ఇవ్వండి" అంటారు. బేగోమాలో ఏ లోపమూ ఉండదు. తప్పంతా తాడు దగ్గరే.

సామాను

రెండు బేగోమాలు, రెండు నూలు తాళ్లు, ఒక బకెట్, ఒక ముతక కాన్వాస్ గుడ్డ. బకెట్ మూతి మీద గుడ్డ పరిచి, పాత సైకిల్ ట్యూబుతో చుట్టూ బిగించి కట్టి, మధ్యలో అరచేత్తో నొక్కితే కొంచెం గుంట పడుతుంది. దాన్ని తొకో అంటారు, అదే బరి. పైన నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. గుడ్డకు బదులు ప్లాస్టిక్ పట్టా వాడొద్దు. దాని మీద కొన జారుతుంది, తిరిగే బేగోమా నిలదొక్కుకోలేదు.

తాడు మూడు మిల్లీమీటర్ల మందం, అరవై డెబ్భై సెంటీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది. నైలాన్ తాడు ముట్టుకోకండి. కొత్త నూలు తాడు బిరుసుగా ఉంటుంది కాబట్టి ఒకసారి ఉతికి ఆరబెట్టాకే వాడాలి.

ముడులు, చుట్టడం

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

తాడు ఒక కొసన ఒక ముడి వేయండి. దానికి ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో రెండో ముడి వేయండి. ముడి మరీ చిన్నదైతే తాడు దాన్ని దాటి జారిపోతుంది. మరీ పెద్దదైతే విసిరేటప్పుడు తట్టుకుని బేగోమాను పక్కకు పడేస్తుంది. కందిగింజంత ముడి సరిగ్గా సరిపోతుంది. తర్వాత ముడులున్న భాగాన్ని తడపండి. తాతగారి చిన్నతనంలో పిల్లలు నోట్లో పెట్టుకుని తడిపేవారట. మేం పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుంటాం. పొడి తాడుతో మాత్రం నేను ఎవర్నీ చుట్టనివ్వను.

ఇప్పుడు బేగోమాను తిరగేసి, కొన పైకి వచ్చేలా ఎడమచేతి వేళ్లతో పట్టుకోండి. తాడును అడుగుభాగం మీద నిలువుగా పెట్టండి. కొసన ఉన్న ముడి కొనకు అవతల, రెండో ముడి కొనకు ఇవతల, మీ వైపు ఉండాలి. కొన రెండు ముడుల మధ్య ఇరుక్కోవాలి. ఎడమ బొటనవేలితో ఆ ముడుల్ని నొక్కి పట్టండి.

మీ వైపున్న ముడి నుంచి వచ్చే తాడును గడియారం ముల్లు తిరిగే దిక్కున ఎడమ పక్కగా పైకి తీసుకెళ్లి, అవతలి ముడిని చుట్టి లాగండి. అక్కడినుంచి కుడి పక్కగా కిందికి తెచ్చి ఇవతలి ముడికి తగిలించి మళ్లీ లాగండి. ఈ రెండు మలుపులూ బిగువుగా రావాలి. బేగోమాకు లేని ములికి ఇప్పుడు ఏర్పడింది. అది ఆ రెండు ముడులే. తాడు పట్టు కోసం మన బొంగరం తన ఒంటి మీది గీతల్ని, ములికిని ఇస్తుంది. బేగోమా ఏమీ ఇవ్వదు, పట్టు అంతా తాడే తెచ్చుకోవాలి. బొంగరం అలవాటున్నవాళ్లు తప్పేది సరిగ్గా ఇక్కడే.

ఆ రెండు మలుపులయ్యాక బొటనవేలు తీసి చూడండి. తాడు కదలకపోతే ముందుకెళ్లండి. కాస్త వదులైనా మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టండి. పైన ఇంకో రెండు చుట్లు వేస్తే అదే సర్దుకుంటుందిలే అనుకోకండి, సర్దుకోదు.

తర్వాతి చుట్లు జంతిక చుట్టినట్టు మధ్య నుంచి బయటికి, ఒకదాని పక్కన ఒకటి రావాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కిన చోట తాడు విప్పుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలోనే బేగోమా ఒరిగిపోతుంది. అంచు దాకా వచ్చాక ఆపేయండి. ఒక జానెడు తాడు మిగలాలి, దాన్ని చిటికెన వేలికి రెండు మెలికలు వేసుకోండి.

ఈ పద్ధతిని ఒన్నా మాకి అంటారు, 'ఆడవాళ్ల చుట్టు' అని అర్థం. ఒతొకో మాకి, అంటే 'మగవాళ్ల చుట్టు' కూడా ఉంది, దాంట్లో తాడుతో ఉచ్చు వేస్తారు. పేరు చూసి అదే గట్టిదనుకుని మగపిల్లలు దాని వెంట పడతారు. నేను రెండూ చేశాను. నేర్చుకునేవాళ్లకు ఒన్నా మాకియే మంచిది. చుట్టు ఎక్కడ వదులైందో కంటికి కనబడుతుంది, అక్కడికక్కడే దిద్దుకోవచ్చు.

మీ పిల్లలది ఎడమచేతి వాటమైతే అంతా అద్దంలో చూసినట్టు తిరగేయండి. మా అమ్మాయిది అదే వాటం. దాని బేగోమా మిగతావాళ్లకు ఎదురు దిక్కున తిరుగుతుంది. ఒకే దిక్కున తిరిగే రెండు తగిలితే, తగిలిన చోట అంచులు ఎదురెదురుగా వచ్చి ఎగిరి పడతాయి. మా అమ్మాయిది తగిలితే మాత్రం రెండూ పళ్ల చక్రాల్లా ఒరుసుకుంటాయి.

విసరడం

చుట్టు బాగుంటే విసరడం తేలిక. కొన కిందికి వచ్చేలా తిప్పి, బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య అంచులు పట్టుకోండి. చేతిని బరికి జానెడు ఎత్తులో ఉంచి, బేగోమాను నేలకు సమాంతరంగా ముందుకు వదిలి, వేడి పెనం తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటామే, అలా లాగండి. పైనుంచి కిందికి కొట్టకూడదు. ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసుకోండి, ఇది పోతపోసిన ఇనుము.

ఎదుటివాళ్లది బరి దాటి పడినా, మీకంటే ముందు ఆగినా మీదే గెలుపు. ఓడినవాడి బేగోమా గెలిచినవాడు తీసేసుకునే ఆటను హొన్‌కో అంటారు, అంటే నిజం ఆట. ఆట అయ్యాక ఎవరివి వాళ్లు తీసుకునేది ఉసోకో. పదేళ్లలోపు పిల్లలతో ఉసోకోయే ఆడించాలి.

అంచులు ఆకురాయితో అరగదీసి పదును పెట్టుకోవడం కూడా ఈ ఆటలో భాగమే. కానీ వరసగా ఇరవై సార్లు తిప్పగలిగే దాకా ఆకురాయి జోలికి పోవద్దు.

1999లో వచ్చిన బేబ్లేడ్ అనే బొంగరం బొమ్మకు మూలం ఈ ఆటే. దానికి పళ్ల పట్టీ లాగితే చాలు, ఎవరు లాగినా తిరుగుతుంది. మావాళ్లు అదీ ఆడారు, వద్దనలేదు. కానీ తాడు నిలిచిన మొదటి రోజు పిల్లల మొహం వెలిగినట్టు పట్టీ లాగినప్పుడు వెలగడం నేను చూడలేదు.

బేగోమాను తిరగేసినప్పుడు అడుగున సుడి గీత కనిపిస్తుంది. జపాన్ చరిత్రలో 'ఎదో' అని పిలిచే కాలంలో (1603–1868) ఒసాకా, క్యోటోల వైపు పిల్లలు బాయి అనే సముద్రపు నత్త గుల్లలో ఇసుక నింపి, మైనంతో మూసి తిప్పేవారు. ఆ బాయి గోమా, అంటే బాయి బొంగరం, టోక్యో వైపు వచ్చేసరికి బేగోమా అయింది. గుల్ల పోయి ఇనుము వచ్చినా సుడి అలాగే ఉండిపోయింది. టోక్యోకు ఉత్తరాన కవాగుచి ఊళ్లో ఇప్పటికీ వీటిని పోతపోస్తున్నారు.

ఆట అయ్యాక బేగోమా తడి తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాయండి, లేకపోతే వారంలో తుప్పు పడుతుంది. తాడును నీడన ఆరబెట్టండి. ముడులు మాత్రం విప్పకండి. నా తాడుకున్న ముడులు నాలుగేళ్ల కిందట వేసినవి. అవి ఎక్కడున్నాయో చూడకుండానే నా బొటనవేలికి దొరుకుతాయి.