పాత గేర్ల సైకిల్‌ను ఫిక్సీ చేయించే ముందు

మొన్న ఆదివారం పొద్దున్నే కైలాసగిరి ఘాట్ రోడ్డు దిగుతూ, మాతో కొత్తగా వస్తున్న ఇంజినీరింగ్ కుర్రాడు మలుపులో పిట్టగోడకు కొట్టుకున్నాడు. భుజం ఎముక విరిగింది, గడ్డానికి కుట్లు పడ్డాయి. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి అంతటితో పోయింది. సైకిల్ ఇంటికి తెచ్చి చూశాను. పాత స్టీల్ రోడ్ బైకు. ఫిక్సీ చేద్దామని గేర్లన్నీ పీకేసి, వెనక ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్లచక్రం) విడిగా తిరగకుండా వెల్డింగ్ పెట్టించాడు. ముందు బ్రేకు కూడా తీసేశాడు, చూడ్డానికి బాగుండదని. వెల్డింగ్ చెక్కుచెదరలేదు. ఫ్రీవీలే మొత్తంగా హబ్ (చక్రం మధ్యలో ఉండే గుండ్రటి భాగం) మీద మర విప్పుకుని వదులైపోయింది.

ఇలా ఊడిన హబ్ నా చేతికి రావడం ఇది మూడోసారి. హెల్మెట్, లైట్ల సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

మన నాన్నల నల్ల సైకిల్‌కు పెడల్ వెనక్కి తిప్పితే టకటకమంటూ ఊరికే తిరుగుతుంది. ఫిక్సీలో అది కుదరదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, వేగం తగ్గాలంటే కాళ్లతో ఎదురు తొక్కాలి. గొడవంతా ఆ ఎదురు తొక్కుడులోనే ఉంది. ఫ్రీవీల్ హబ్‌కు ఉండేది కుడి మర. ముందుకు తొక్కేకొద్దీ బిగుస్తుంది, అందుకే పాత ఫ్రీవీల్ ఊడదీయడానికి మెకానిక్ చెమటోడుస్తాడు. ఎదురు తొక్కితే అదే మర విప్పుకుంటుంది. రేసు ట్రాక్ సైకిళ్లకు వాడే అసలైన ట్రాక్ హబ్‌కు రెండు మెట్లు ఉంటాయి: పళ్లచక్రానికి కుడి మర, దాని బయట కాస్త చిన్న సైజులో లాక్‌రింగ్‌కు, అంటే పళ్లచక్రాన్ని ఊడకుండా పట్టే రింగ్‌కు, ఎడమ మర. పళ్లచక్రం విప్పుకోబోయిందంటే లాక్‌రింగ్‌ను కూడా తిప్పబోతుంది, ఎడమ మర కాబట్టి అది ఇంకా బిగుస్తుంది. పాత రోడ్ బైకు హబ్‌కు ఆ రెండో మెట్టు లేదు. కానీ ట్రాక్ పళ్లచక్రం దాని మీద చక్కగా ఎక్కేస్తుంది, మర కొలత ఒకటే. జనం మోసపోయేది అక్కడే.

గమ్ పూస్తే చాలంటారు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) లాక్‌రింగ్ తెచ్చి బిగిస్తే చాలంటారు. ఆ రింగ్‌దీ కుడి మరే, ఊడితే రెండూ కలిసే ఊడతాయి. బీచ్ రోడ్డు చదునులో నెలల తరబడి ఏమీ కాదు, దాంతో ధైర్యం వస్తుంది. గట్టిగా ఎదురు తొక్కాల్సిన రోజునే అది ఊడుతుంది. కాబట్టి ఎడమ మర లాక్‌రింగ్ లేని హబ్ మీద ఫిక్స్‌డ్ వద్దు.

ముందు బ్రేకు తీయొద్దు. సైకిల్ ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది. వెనక చక్రం తేలికై జారుతుంది తప్ప త్వరగా ఆగదు. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్సీ తగిలి, రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయారు. తొక్కిన కుర్రాడికి మరుసటి ఏడు 18 నెలల శిక్ష పడింది. అది ట్రాక్ కోసం చేసిన సైకిలే. హబ్ ఎంత మంచిదైనా బ్రేకు బ్రేకే.

నన్నడిగితే పాత హబ్ ఉన్నవాళ్లకు సింగిల్ స్పీడే, అంటే ఫ్రీవీల్‌తో ఒకే గేరు సైకిలే మేలు. 16 లేదా 18 పళ్ల ఫ్రీవీల్ ఒకటి ఎక్కించి, రెండు బ్రేకులూ ఉంచుకుని హాయిగా తిరగండి. ముందు 42 పళ్లు, వెనక 18 పళ్లు విశాఖ ఎత్తుపల్లాలకు బాగానే ఉంటుంది. అదే లెక్కలో ఫిక్సీ అయితే, 40 కిలోమీటర్ల వేగంతో దిగేటప్పుడు కాళ్లు నిమిషానికి దాదాపు 136 చుట్లు తిరగాలి. తిరగలేకపోయినా పెడల్ ఆగదు, మీ కాళ్లనే తిప్పుతుంది.

ట్రాక్ హబ్ కొన్నారా, వెడల్పు కొలవండి. అది సాధారణంగా 120 మిల్లీమీటర్లు, పాత ఆరు గేర్ల ఫ్రేముల్లో వెనక చక్రం కూర్చునే సందు ఎక్కువగా 126. తేడాను యాక్సిల్‌కు రెండు వైపులా వాషర్లతో సరిచేయొచ్చు. అల్యూమినియం ఫ్రేమ్‌ను మాత్రం వంచొద్దు. వెనక నుంచి చూస్తే చైను తిన్నగా కనబడాలి. ముందు ఒక్క చైన్‌వీలే ఉంచితే పొట్టి బోల్టులు వేయండి, పాతవి పొడవెక్కువై బిగిసినట్టు నటిస్తాయి.

ఫిక్సీకి చైను టెన్షనర్ (చైనును లాగి పట్టే స్ప్రింగు చెయ్యి) పెట్టొద్దు, ఎదురు తొక్కితే విరుగుతుంది. యాక్సిల్ కూర్చునే గాడి నిలువుగా ఉన్న ఫ్రేమ్ అయితే చక్రాన్ని వెనక్కి జరిపి చైను బిగించడం కుదరదు, ఫిక్సీ ఆలోచనే మానుకోండి. చైను మధ్యలో అర అంగుళానికి మించి ఆడకూడదు. పెడల్‌ను చుట్టూ తిప్పి నాలుగు చోట్ల చూడండి. గట్టిపడిన పాత బ్రేకు రబ్బర్లు పారేయండి. స్టీల్ రిమ్ముతో వానలో వెళ్లొద్దు. మలుపులో సైకిల్ వంచొద్దు, కింది పెడల్ రోడ్డుకు తగులుతుంది. చున్నీ, షూ లేసు, ప్యాంటు అంచు చైనుకు దూరం. చక్రం తిప్పుతూ గుడ్డతో చైను తుడవొద్దు, వేళ్లు పోతాయి. పిల్లల్ని దగ్గరకు రానీయొద్దు. వెల్డింగ్ వద్దు. గమ్ వద్దు. ఎడమ మర లాక్‌రింగ్ లేకపోతే ఫిక్స్‌డ్ వద్దు.

అన్నీ సరిగ్గా బిగించాక మొదట ఒక ఎత్తు ఎక్కండి. ఎక్కేటప్పుడు పళ్లచక్రం చివరిదాకా బిగుస్తుంది, లాక్‌రింగ్ కాస్త వదులవుతుంది. పైన ఆగి దాన్ని మళ్లీ బిగించండి. స్పానర్ ఇంట్లో మర్చిపోయారా, నడిపించుకుంటూ దిగండి.