పెన్ను కొనతో కళ్ల జోడీని చూసుకోవడం

హన్మకొండ బస్టాండ్‌లో కూర్చుని దూరంగా వస్తున్న బస్సు బోర్డు చదివి, వెంటనే చేతిలో ఫోన్ చూశారనుకోండి, కళ్లలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: లోపలి కటకం కాస్త ఉబ్బి ఫోకస్ కుదురుతుంది, రెండు కనుగుడ్లూ ముక్కువైపు తిరుగుతాయి. ఈ రెండింటికీ మెదడులో ముడి ఉంది, ఒకదాన్ని లాగితే రెండోది కదులుతుంది.

ఈ రెండూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఇంట్లో చూసుకోవాలంటే, అద్దాలుంటే పెట్టుకుని, పెన్ను మీదున్న చిన్న అక్షరాన్ని ముక్కుకు ఎదురుగా 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని మెల్లగా దగ్గరికి తెండి. మసకబారితే ఫోకస్ చేతులెత్తేసినట్టు, రెండుగా కనిపిస్తే కళ్ల జోడీ విడిపోయినట్టు. 10 సెంటీమీటర్లకు రాకముందే రెండైపోతూ, చదివేటప్పుడు తలనొప్పి కూడా వస్తుంటే కళ్ల డాక్టర్‌కు చూపించండి. 40 ఏళ్లు దాటినవాళ్లకు మసక ముందే వస్తుంది, అది చత్వారం, టెన్షన్ వద్దు.

పిల్లల కన్ను లోపలికి తిరుగుతుంటే మాత్రం "మెల్లకన్ను అదృష్టం" అని ఊరుకోవద్దు. ప్లస్ పవర్ (దూరదృష్టి, అంటే దగ్గరివి చూడ్డం కష్టం) ఉన్న పిల్లలు స్పష్టంగా చూడ్డానికి ఫోకస్ గట్టిగా బిగిస్తారు, ఆ ముడి వల్ల కన్ను లోపలికి పోతుంది. ఇలాంటివాళ్లలో చాలామందికి సరైన అద్దాలు పెడితే చాలు, కన్ను తిన్నగా అవుతుంది.