ఎలక్ట్రానిక్ కాంపొనెంట్ల కంపెనీలో సెగ్మెంట్ రిపోర్ట్ ఎలా తయారు చేయాలి?

నిజామాబాద్‌లో నాందేడ్ వైపు రైలెక్కితే గోదావరి దాటాక బాసర, ఆ తర్వాత ధర్మాబాద్. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడే ఊరు మాది. ఇక్కడ బీకాం చదివిన పిల్లలు ఔరంగాబాద్, పుణె ఫ్యాక్టరీల అకౌంట్స్ విభాగాల్లో చేరుతుంటారు. నేనూ అలాగే వెళ్లి, కెపాసిటర్లు, రెసిస్టర్లు, కాయిల్స్ తయారుచేసే కంపెనీల్లో పంతొమ్మిదేళ్లు సెగ్మెంట్ రిపోర్టులు, అంటే కంపెనీ అమ్మకాలు, లాభనష్టాలను వ్యాపార విభాగాల వారీగా విడగొట్టి చూపించే లెక్కలు, చేశాను. ఇప్పటికీ మూడు నెలలకోసారి ఊరి పిల్లల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "అన్నా, సెగ్మెంట్ రిపోర్ట్ నన్నే చేయమన్నారు, టెన్షన్‌గా ఉంది" అంటారు. వాళ్లు పంపిన షీట్ తెరిస్తే సెగ్మెంట్లు విడగొట్టడంలో ప్రతిసారీ అదే తప్పు కనిపిస్తుంది. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఇది ఎవరికి అవసరమో చెప్తాను. షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీకి తప్పనిసరి. ఒకటికి మించి వ్యాపారాలు ఉంటే ప్రతి త్రైమాసిక ఫలితాలతో పాటు సెగ్మెంట్ల లెక్క కూడా ఇవ్వాలి. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు, ఏడాది ఆడిట్ లెక్కలైతే 60 రోజుల్లోపు. పాటించాల్సిన ప్రమాణం ఇండ్‌ఏఎస్ (భారత అకౌంటింగ్ ప్రమాణం) 108. మన ప్రభుత్వం 2015లో నోటిఫై చేసిన ప్రమాణాల్లో ఇదొకటి. 2006లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 8 దీనికి మూలం.

కావలసిన సరంజామా

కాస్ట్ సెంటర్ల (ఖర్చు విడిగా రాసే విభాగాల) వారీగా విడగొట్టిన ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక), ఆస్తుల రిజిస్టర్, ఒక డివిజన్ నుంచి ఇంకో డివిజన్‌కు పోయిన సరుకు లెక్క, కిందటేడాది వార్షిక నివేదిక. ఎక్సెల్ చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వీటన్నిటికంటే ముఖ్యం, ఎండీ గారి నెలవారీ రివ్యూ మీటింగులో పెట్టే ఫైలు. గడిచిన పన్నెండు నెలలవీ తెప్పించుకోండి. అది చేతికి రాకముందు ఎక్సెల్ తెరవకండి. ఇది నా దగ్గర నియమం.

మొదటి పని: సెగ్మెంట్లు ఏవో తేల్చుకోవడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కొత్తగా చేరిన అబ్బాయి ఏం చేస్తాడంటే, కంపెనీ కేటలాగ్ ముందు పెట్టుకుని ఫిల్మ్ కెపాసిటర్లు ఒకటి, ఎలక్ట్రోలిటిక్ ఒకటి, రెసిస్టర్లు ఒకటి అని గీతలు గీస్తాడు. ఇంకొకతను పెద్ద కంపెనీల నివేదికలు చూసి కాపీ కొడతాడు. జపాన్ కంపెనీ టీడీకే పాసివ్ కాంపొనెంట్లు (కెపాసిటర్లు, కాయిల్స్ లాంటివి), సెన్సర్లు, మ్యాగ్నెటిక్ ఉత్పత్తులు, ఎనర్జీ ఉత్పత్తులు అని విడగొట్టింది కాబట్టి మనమూ అలాగే విడగొడదాం అంటాడు. టీడీకే అలా విడగొట్టింది వాళ్ల యాజమాన్యం వ్యాపారాన్ని అలా నడుపుతుంది కాబట్టి. మీ ఎండీ ఎలా నడుపుతున్నారో ఆ నివేదికలో ఎందుకుంటుంది?

మా పెదనాన్నకు ధర్మాబాద్ మార్కెట్లో మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణం ఉండేది. దాంతోపాటు ఒక పప్పు మిల్లు, ఒక ఎరువుల దుకాణం. రాత్రి భోజనమయ్యాక గుమాస్తాను కూర్చోబెట్టుకుని మూడే ప్రశ్నలు అడిగేవారు. అడ్తిలో ఎంత మిగిలింది, మిల్లులో ఎంత మిగిలింది, ఎరువుల్లో ఎంత మిగిలింది. మిర్చిలో ఏ రకానికి ఎంత వచ్చిందో గుమాస్తా పుస్తకంలో ఉండేది, కానీ పెదనాన్న దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకునేవారు కాదు. మిల్లులో కొత్త మిషను వేయాలా, ఎరువుల దుకాణం మూసేయాలా అన్నవి ఆ మూడు జవాబులను బట్టే తేలేవి. ఆయన వ్యాపారానికి సెగ్మెంట్లు మూడు. ప్రమాణంలో ఉన్నదీ ఇదే. వనరులు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే మనిషి, పనితీరు చూసుకోవడానికి ఏ లెక్కను క్రమం తప్పకుండా చూస్తాడో అదే ఆపరేటింగ్ సెగ్మెంట్. ఆ మనిషిని ప్రమాణం చీఫ్ ఆపరేటింగ్ డెసిషన్ మేకర్ అంటుంది. అది విజిటింగ్ కార్డు మీద ఉండే హోదా కాదు. ఒక్క ఎండీ కావచ్చు, ముగ్గురు డైరెక్టర్లు కలిసీ కావచ్చు.

కాబట్టి రివ్యూ ఫైలు తెరిచి మూడు సంగతులు చూడండి. లాభనష్టాలు ఏ పద్దుల కింద విడివిడిగా ఉన్నాయి? బడ్జెట్ ఎవరి పేరు మీద మంజూరవుతోంది? ఫలితాలకు ఎండీ ముందు నిలబడి జవాబు చెప్పేది ఎవరు? ఈ మూడూ ఒకే గీత మీద కలిస్తే మీ సెగ్మెంట్ దొరికినట్టే.

కలవకపోతే జాగ్రత్త పడాలి. కాంపొనెంట్ల కంపెనీల్లో ఇది మామూలే, ఎందుకంటే ఎండీ ఒక పేజీలో సరుకు వారీగా చూస్తారు, ఇంకో పేజీలో ప్లాంటు వారీగా చూస్తారు. అప్పుడు మీకు తోచినదాన్ని ఎంచుకోకూడదు. మీటింగ్ మినిట్స్ చదవాలి. పెట్టుబడి మీద, మనుషుల మీద నిర్ణయాలు ఏ పేజీ చూసి తీసుకున్నారో అందులో బయటపడుతుంది. చదివే మదుపరికి వ్యాపారం అసలు తీరు ఏ విభజనలో కనిపిస్తుందో దానివైపే నిలబడాలి.

ఇంకో గుంట ఉంది. బయటకు ఒక్క రూపాయి సరుకు కూడా అమ్మని యూనిట్ సెగ్మెంట్ కాదని చాలామంది తీసేస్తారు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు అల్యూమినియం రేకును ఎచ్చింగ్ చేసి (రసాయనంతో గరుకుగా చేసి), ఫార్మింగ్ చేస్తారు (కరెంటుతో ఆక్సైడ్ పొర ఎక్కిస్తారు). ఆ రేకు యూనిట్ తన సరుకంతా పక్క డివిజన్‌కే ఇవ్వవచ్చు. అయినా దాని లాభనష్టాలను ఎండీ విడిగా చూస్తుంటే అది ఆపరేటింగ్ సెగ్మెంటే. ఇంకా అమ్మకం మొదలుపెట్టని కొత్త ప్లాంటు కూడా అంతే. హెడ్డాఫీసు మాత్రం కాదు, అది సొంతంగా వ్యాపారం చేయదు.

ఇక కలపడం. రెండు ఆపరేటింగ్ సెగ్మెంట్లను కలిపి ఒకటిగా చూపించడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది, కానీ షరతులు గట్టివి. వాటి ఆర్థిక లక్షణాలు ఒకేలా ఉండాలి, అంటే దీర్ఘకాలంలో సగటు మార్జిన్లు దగ్గరదగ్గరగా ఉంటాయని నమ్మకం ఉండాలి. దాంతోపాటు సరుకు స్వభావం, తయారీ పద్ధతి, కొనే వర్గం, అమ్మే దారి, వర్తిస్తే నియంత్రణ వాతావరణం, ఇవన్నీ పోలి ఉండాలి. ఏ ఒక్కటో కాదు, అన్నీ. నేను పనిచేసిన ఒకచోట నష్టాల్లో ఉన్న కాయిల్స్ డివిజన్‌ను లాభాల్లో ఉన్న కెపాసిటర్లతో కలిపి "పాసివ్ కాంపొనెంట్లు" అని పేరు పెట్టేశారు. పేరు వినడానికి బాగానే ఉంది. కాయిల్ చుట్టడం వేరు, రేకు చుట్టడం వేరు, మార్జిన్లకు అసలు పోలికే లేదు. ఆడిటర్ రివ్యూ ఫైలు అడిగాడు. అందులో ప్రతి నెలా రెండూ విడివిడిగానే ఉన్నాయి. బోర్డు మీటింగుకు రెండు రోజుల ముందు షీట్ మొత్తం మళ్లీ కట్టాం. ఆ రెండు రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తే. నష్టాన్ని దాచడానికి కలపవద్దు. డబ్బు పెట్టినవాడికి అది తెలిసే హక్కు ఉంది.

రెండో పని: పది శాతం పరీక్ష

ఇది సులువు, లెక్క సరిగ్గా వేస్తే చాలు. మూడు పరీక్షల్లో ఏ ఒక్కటి పాసైనా ఆ సెగ్మెంట్‌ను విడిగా చూపించాలి. అమ్మకాలు, ఫలితం (లాభం లేదా నష్టం), ఆస్తులు.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం, అంకెలు కోట్లలో. కెపాసిటర్ల అమ్మకాలు బయటకు 180, లోపలికి (కంపెనీలోని వేరే డివిజన్లకు) 20, లాభం 24. రెసిస్టర్లు బయటకు 70, లోపలికి 10, లాభం 6. కాయిల్స్ బయటకు 60, లోపలికి 30, నష్టం 4. కనెక్టర్లు బయటకు 40, లోపలికి ఏమీ లేదు, లాభం 5. టెస్టింగ్ సేవలు బయటకు 12, లోపలికి 8, నష్టం 3.

అమ్మకాల పరీక్షలో లోపలి అమ్మకాలు కూడా కలుస్తాయి. మొత్తం 430, అందులో పది శాతం 43. కనెక్టర్ల అమ్మకం 40 మాత్రమే కాబట్టి ఇక్కడ తప్పాయి, టెస్టింగ్ 20తో తప్పింది. ఫలితం పరీక్షకు వస్తే లాభాలన్నీ ఒకవైపు కలపండి, 35. నష్టాలన్నీ ఇంకోవైపు, 7. ఏది పెద్దదో దాని మీద పది శాతం, అంటే 3.5. కనెక్టర్ల లాభం 5, పాస్. టెస్టింగ్ నష్టం 3, పాస్ కాలేదు. చాలామంది లాభంలోంచి నష్టం తీసేసి 28 మీద లెక్క వేస్తారు. అప్పుడు హద్దు 2.8కి పడిపోయి టెస్టింగ్ కూడా లోపలికి వచ్చేస్తుంది. అది తప్పు. ఆస్తుల్లో కూడా టెస్టింగ్ పది శాతానికి లోపే ఉందనుకుందాం. దాన్ని "ఇతరాలు" కింద వేయండి.

చివరగా, విడిగా చూపించిన సెగ్మెంట్ల బయటి అమ్మకాలు కంపెనీ అమ్మకాల్లో 75 శాతానికి తగ్గకూడదు. ఇక్కడ లోపలి అమ్మకాలు కలపరు. 362లో 350, ఇబ్బంది లేదు. తగ్గితే పది శాతం అందకపోయినా ఇంకో సెగ్మెంట్‌ను తీసుకొచ్చి చేర్చాలి.

మూడో పని: ఉమ్మడి ఖర్చులు

కరెంటు బిల్లును మీటరు రీడింగ్ ప్రకారమే పంచాలి. అమ్మకాల నిష్పత్తిలో పంచడం నేను ఒప్పుకోను. ఫార్మింగ్ లైను కరెంటును విపరీతంగా తాగుతుంది, కనెక్టర్లు బిగించే గదికి అంత అవసరం లేదు. అమ్మకాల మీద పంచితే బాగా అమ్మే డివిజన్ పక్కవాళ్ల బిల్లు కూడా కడుతుంది. ప్రతి డివిజన్‌కూ సబ్ మీటరు పెట్టించండి. క్వాలిటీ ల్యాబ్ ఖర్చును పరీక్షించిన బ్యాచుల సంఖ్య మీద, స్టోర్స్ ఖర్చును ఇష్యూ స్లిప్పుల (సరుకు ఇచ్చినప్పుడు రాసే చీటీల) సంఖ్య మీద పంచండి. హెడ్డాఫీసు జీతాలు, బ్యాంకు వడ్డీ, ఆదాయపు పన్ను ఎవరికీ పంచవద్దు. పెదనాన్న లారీల ఖర్చు గురించి గుమాస్తా అడిగితే "అది ఏ ఒక్కదానికీ కాదు, మొత్తం మీద రాసెయ్" అనేవారు. మీరూ అలాగే రాయండి.

అయితే ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మీ ఎండీ చూసే ఫైలులో కరెంటు అమ్మకాల నిష్పత్తిలోనే పంచి ఉంటే, రిపోర్టులోనూ అలాగే చూపించాలి. ప్రచురించడానికి ఒక లెక్క, నడపడానికి ఒక లెక్క ఉండకూడదు. మీటర్ల పద్ధతే సరైనదని నమ్మితే ముందు రివ్యూ ఫైలులో మార్పించండి, ఆ తర్వాత రిపోర్టులోకి అదే వస్తుంది. నేను అలా మార్పించడానికి ఒకచోట ఏడాదిన్నర పట్టింది. డివిజన్ హెడ్‌లు ఒప్పుకోవాలి కదా.

లోపలి సరుకు ధర కూడా అంతే. రివ్యూ ఫైలులో ఏ ధరకు రాశారో అదే ధర, ఏ ప్రాతిపదిక మీద వేశారో ఒక వాక్యం.

నాలుగో పని: మొత్తానికి కలపడం

సెగ్మెంట్ల ఫలితాల మొత్తం కంపెనీ లాభంతో పైసలతో సహా సరిపోయేలా లెక్క చూపించాలి. మన ఉదాహరణలో సెగ్మెంట్ల ఫలితం 28. పంచని హెడ్డాఫీసు ఖర్చు 7, వడ్డీ 5, లోపలి అమ్మకాల్లో ఇంకా గోడౌన్‌లోనే ఉన్న సరుకు మీద లాభం 1. ఇవి తీసేస్తే పన్నుకు ముందు లాభం 15. ఈ ఆఖరి ఒక కోటినే ఎక్కువమంది మర్చిపోతారు. ఒక డివిజన్ లాభం వేసుకుని పక్క డివిజన్‌కు ఇచ్చిన సరుకు మార్చి 31న అక్కడి స్టాకులోనే ఉంటే, ఆ లాభం కంపెనీకి ఇంకా రాలేదు. అందుకే స్టాక్ లెక్కించే రోజు మీరూ గోడౌన్‌కు వెళ్లి, ఏ డివిజన్ సరుకు ఎంత ఉందో రాసుకు రండి.

అమ్మకాలనూ, సెగ్మెంట్ ఆస్తులనూ ఇలాగే కంపెనీ మొత్తంతో సరిపోల్చి చూపించాలి. తేడాను "సర్దుబాట్లు" అని ఒకే గీతలో తోసేయవద్దు. పెద్ద మొత్తాలు విడివిడిగా కనిపించాలి.

ఐదో పని: మిగిలిన వివరాలు

వార్షిక నివేదికలో సరుకుల వారీ అమ్మకాలు, దేశంలో ఎంత, విదేశాల్లో ఎంత అన్నవి ఇవ్వాలి. ఒకే సెగ్మెంట్ ఉన్న కంపెనీ అయినా ఇవ్వాల్సిందే. ఏ ఒక్క కొనుగోలుదారు నుంచైనా ఆదాయంలో పది శాతం లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే ఆ సంగతి, మొత్తం, ఏ సెగ్మెంట్లోనో చెప్పాలి. పేరు చెప్పనక్కర్లేదు. ఒకే యాజమాన్యం కింద ఉన్న కంపెనీలన్నీ కలిపి ఒక్క కొనుగోలుదారే. ఫ్యాన్ల కంపెనీ ఒకటి, దాని సోదర కంపెనీ మోటార్లది ఒకటి, రెండూ మీ దగ్గర కెపాసిటర్లు కొంటుంటే వాటిని కలిపి చూడండి. కస్టమర్ కోడ్‌లు వేరుగా ఉండటంతో ఇది తప్పిపోతుంది. అందుకే సేల్స్ మేనేజర్‌ను కూర్చోబెట్టి మొదటి ఇరవై మంది జాబితా మీద ఎవరు ఎవరి వాళ్లో రాయించుకోవాలి.

ఈ ఏడాది డివిజన్లను మార్చి ఉంటే కిందటేడాది అంకెలను కూడా కొత్త విభజన ప్రకారం తిరిగి కట్టండి. అవి దొరకవు, పైగా కట్టడానికి ఖర్చూ మరీ ఎక్కువ అన్నప్పుడే మినహాయింపు. ఫైలు మూసేముందు ఎండీ రివ్యూ పేజీ జిరాక్స్‌ను మీ వర్కింగ్ పేపర్లకు మొదటి కాగితంగా పిన్ చేయండి. ఆడిటర్ మొదట అడిగేది దాన్నే.